గోడ ప్లగ్గు దగ్గర మొదలైన నా గేమింగ్ పీసీ

అరవై వేలలో గేమింగ్ పీసీ అని వెతికితే వచ్చే లిస్టులన్నీ ప్రాసెసర్ దగ్గర మొదలవుతాయి. ఆ లిస్టులు రాసేవాళ్ల ఇళ్లలో రాత్రి ఏడయ్యేసరికి వోల్టేజీ 190కి దిగిపోదనుకుంటాను. మాది కోనసీమలో అంబాజీపేట పక్కన చిన్న ఊరు. కొబ్బరి తోటల మధ్య ఇళ్లు, వీధి మొత్తానికి ఒకటే ట్రాన్స్‌ఫార్మర్. గాలి గట్టిగా వీస్తే ఎక్కడో ఒక కొబ్బరి మట్ట తీగ మీద పడుతుంది, కరెంటు పోతుంది. అందుకే నేను లిస్టుని తిరగేసి రాసుకున్నాను. ముందు కరెంటు, ఎర్తింగ్, ఆ తర్వాత పీసీ భాగాలకి కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్. దాని తర్వాత మానిటర్, గ్రాఫిక్స్ కార్డు. ప్రాసెసర్ సంగతి దాదాపు చివర్న.

డబ్బు విషయం చెప్పేస్తాను. 2023 చివర్లో నా జీతంలో దాచుకున్నది నలభై వేలు ఉంది. కొబ్బరి దింపు డబ్బుల్లోంచి ఇరవై వేలు నాన్న ఇస్తానన్నారు. అరవై దాటకూడదు, మానిటర్ కూడా అందులోనే రావాలి. "ఈ డబ్బుకి ఓ మాదిరి పాడిగేదె వచ్చేస్తుందిరా, పాలైనా ఇస్తుంది" అన్నారు ఆయన. తర్వాత అసలు ప్రశ్న అడిగారు, ఇది నెలకి ఎంత కరెంటు లాగుతుందని. ఆడేటప్పుడు 250 వాట్లు అనుకుంటే, రోజుకి మూడు గంటలకి ముప్పావు యూనిట్. నెలంతా ఆడినా 22, 23 యూనిట్లు. మావయ్యగారింట్లో ఒకటిన్నర టన్ను ఏసీ రోజూ అరగంట నడిస్తే అంత అవుతుందని చెప్పాను. ఆ లెక్క ఆయనకి నచ్చింది. ఆ తర్వాత గేదె ఊసు రాలేదు.

పాత పీసీ ఒకటి ఉంది, ఇంటర్ రోజుల్లో కొన్నది. దాన్నుంచి కీబోర్డు, మౌస్, ఒక టీబీ హార్డ్ డిస్కు పనికొచ్చాయి. విండోస్ 10 రిటైల్ కీ కూడా దానికోసమే విడిగా కొన్నాను. రిటైల్ కీ అయితే పాతదాంట్లో తీసేసి కొత్తదాంట్లో వేసుకోవచ్చు, పీసీతోపాటు వచ్చే కీకి ఆ వీలుండదు. అయితే ఆ పాత పీసీతో ఎప్పటినుంచో ఒక ఇబ్బంది ఉండేది. కాళ్లకి చెప్పుల్లేకుండా నేల మీద నిలబడి కాబినెట్ ముట్టుకుంటే చెయ్యి జివ్వుమనేది.

కొత్త సామాను కొనకముందే మా ఊరి ఎలక్ట్రీషియన్‌ని పిలిచాను. చిన్నప్పటినుంచీ బాబాయ్ అనే పిలుస్తాను. ఆయన వచ్చి కాబినెట్ వెనక స్క్రూకి టెస్టర్ ఆనించారు. లోపలి చిన్న లైటు వెలిగింది.

"ఇది సామాను తప్పు కాదబ్బాయ్, మీ ఇంటి తప్పు" అన్నారు.

తర్వాత ఒక హోల్డర్‌కి పాత రకం బల్బు పెట్టి, ఒక తీగ ప్లగ్గులో ఫేజ్‌కి, ఇంకోటి న్యూట్రల్‌కి పెట్టారు. బల్బు మామూలుగా వెలిగింది. రెండో తీగ తీసి పైన ఉండే లావు రంధ్రంలో, అంటే ఎర్త్‌లో పెట్టారు. బల్బులో తీగ ఎర్రగా, నీరసంగా కనిపించింది అంతే. ఎర్త్ పిన్ను ఉంది, దానికి తీగ కూడా ఉంది, ఆ తీగ నేలలోకి వెళ్లేచోట తుప్పు పట్టి ఎప్పుడో తెగిపోవడానికి సిద్ధమైంది. ఈ పరీక్ష మీరు సొంతంగా చేయకండి. కరెంటు పని తెలిసినవాళ్లతోనే చేయించండి.

ఎస్‌ఎంపీఎస్ లోపల, కరెంటు లైన్లోని గోలని వడగట్టడానికి ఫేజ్ నుంచీ న్యూట్రల్ నుంచీ కాబినెట్ రేకుకి చిన్న కెపాసిటర్లు కలిపి ఉంటాయి. ఎర్త్ సరిగ్గా ఉంటే వాటిగుండా వచ్చే కొద్దిపాటి లీకేజీ నేలలోకి పోతుంది. ఎర్త్ లేకపోతే కాబినెట్ మీద లైన్ వోల్టేజీలో సగం, అంటే సుమారు 115 వోల్టులు నిలబడతాయి. అందులో ప్రవహించే కరెంటు చాలా తక్కువ కాబట్టి జివ్వుమనడంతో సరిపోతుంది. కానీ లోపల ఇన్సులేషన్ ఏదైనా దెబ్బతింటే కాపాడడానికి అదే ఎర్త్ కావాలి. ఇరవై వేల కార్డు పెట్టబోయేది ఆ రేకు డబ్బాలోనే కదా.

పెరట్లో కుళాయి పక్కన గొయ్యి తవ్వించాం. రెండున్నర మీటర్ల జీఐ పైపు, చుట్టూ బొగ్గు, ఉప్పు. కొత్త రాగి తీగ బోర్డు దాకా లాగారు. డెల్టా నేలకి ఒక సుఖం ఉంది, కొన్ని అడుగులు తవ్వేసరికే చెమ్మ తగులుతుంది, ఎర్త్ బాగా అందుతుంది. సామాను, కూలీ అన్నీ కలిపి రెండు వేల లోపే అయింది. మళ్లీ బల్బు పెట్టి చూస్తే న్యూట్రల్ దగ్గర వెలిగినట్టే వెలిగింది. ఆ రెండు వేలూ నా అరవైలోంచే తీశాను. గేమింగ్ పీసీ బడ్జెట్లో ఎర్తింగ్ గొయ్యి ఏమిట్రా అని మా ఫ్రెండ్స్ నవ్వారు. నవ్వనివ్వండి.

ఇంక కరెంటు పోయినప్పటి సంగతి. యూపీఎస్ కొందామని చూస్తే చిన్నవి 600 వీఏ, అంటే సుమారు 360 వాట్లు. ఖాళీగా ఉన్నప్పుడు పర్వాలేదు గానీ గేమ్ మధ్యలో 250, 300 వాట్ల లోడు మీద దాన్ని నమ్ముకోవడం కష్టం. 1000, 1100 వీఏకి వెళ్తే ధర బాగా పెరుగుతుంది. ఆ డబ్బు ఎక్కడినుంచి తేవాలి? కార్డులోంచి కోత పెట్టాలి.

మా ఇంట్లో అప్పటికే 900 వీఏ సైన్ వేవ్ ఇన్వర్టర్, 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ ఉన్నాయి. ఇన్వర్టర్ వెనక ఒక స్విచ్ ఉంటుంది, యూపీఎస్ మోడ్, నార్మల్ మోడ్ అని. చాలా ఇళ్లలో అది ఎవరూ ముట్టుకోరు. నార్మల్‌లో ఉంటే కరెంటు పోయాక బ్యాటరీకి మారడానికి కొన్ని పదుల మిల్లీసెకన్లు పడుతుంది. ఫ్యాన్‌కి అది లెక్కలోది కాదు. పీసీ ఎస్‌ఎంపీఎస్ మాత్రం నిండు లోడు మీద సుమారు 16 మిల్లీసెకన్లే ఊపిరి బిగబట్టగలదు, ఆ తర్వాత ఆగిపోతుంది. యూపీఎస్ మోడ్‌లో మార్పు పది మిల్లీసెకన్ల చుట్టుపక్కల జరిగిపోతుంది. పాత పీసీ మీదే మెయిన్ ఆపి, వేసి, మళ్లీ ఆపి చూశాను. ఒక్కసారి కూడా రీస్టార్ట్ కాలేదు.

దీనికీ ఒక మెలిక ఉంది. యూపీఎస్ మోడ్‌లో ఇన్వర్టర్ తక్కువ వోల్టేజీని అంతగా సహించదు. 180 దగ్గరికి దిగితే కరెంటు ఉన్నా సరే బ్యాటరీ మీదికి వెళ్లిపోతుంది. నార్మల్ మోడ్‌లో అయితే ఇంకా చాలా కిందిదాకా లాగుతుంది. వేసవి సాయంత్రాలు అందరూ ఏసీలు వేసినప్పుడు మా ఇంట్లో ఇన్వర్టర్ రిలే టిక్కు టిక్కుమంటూనే ఉంటుంది. బ్యాటరీ ఆయుష్షు కొంత తగ్గుతుందని తెలిసే ఒప్పుకున్నాను. అమ్మ ఒక షరతు పెట్టింది, కరెంటు పోతే గేమ్ సేవ్ చేసి ఆపేయాలి, బ్యాటరీ ఫ్యాన్లకే. న్యాయమైన షరతే, పీసీతోపాటు రెండు ఫ్యాన్లు, లైట్లు, వైఫై తిరిగితే ఆ బ్యాటరీ తెల్లవారేదాకా రాదు.

గోడ పని అయ్యాక స్క్రీన్ గురించి కూర్చున్నాను. నేను ఆడేవి ఏవి? వాలరెంట్ రోజూ, మా బ్యాచ్‌తో. జీటీఏ 5, ఫోర్జా హొరైజన్ 5, అన్నిటికంటే ముఖ్యంగా రెడ్ డెడ్ రిడెంప్షన్ 2. అది 2019లో పీసీకి వచ్చినప్పటినుంచీ ఇతరులు ఆడుతుంటే చూడడమే తప్ప నేను ఆడింది లేదు. వాలరెంట్‌కి పెద్ద కార్డు అక్కర్లేదు, ప్రాసెసర్ చురుగ్గా ఉంటే చాలు. రెడ్ డెడ్‌కి కార్డే ప్రాణం. ఈ రెండింటికీ సరిపడా 24 అంగుళాల 1080పీ ఐపీఎస్ మానిటర్, 100 హెర్ట్జ్‌ది (సెకనుకి వంద ఫ్రేములు చూపేది), 8,400కి తీసుకున్నాను. ఇంకా స్పష్టంగా కనిపించే 1440పీ ఊరించింది. కానీ అది కొంటే దాన్ని నడిపే కార్డు కొనలేను. మానిటర్‌ని ఆన్‌లైన్‌లో కాకుండా రాజమండ్రిలో షాపులోనే వెలిగించి చూసి తెచ్చుకున్నాను. మా ఊరికి పార్సిల్ రావాలంటే ఎన్ని చేతులు మారాలో, ఎన్ని ఆటోలెక్కాలో నాకు తెలుసు.

గ్రాఫిక్స్ కార్డు దగ్గరే ఎక్కువ రోజులు గడిచాయి. ఇరవై వేల చుట్టుపక్కల అప్పట్లో కొత్తవి రెండే కనిపించాయి, ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 3050 8జీబీ, ఏఎండీ ఆర్‌ఎక్స్ 6600. రెండింటికీ 8జీబీ మెమరీయే. కరెంటు కూడా దాదాపు ఒకటే, 3050 కి 130 వాట్లు, 6600 కి 132. మామూలు గేముల్లో మాత్రం 6600 చాలా ముందుంటుంది. ఎన్విడియాకి ఫ్రేములు పెంచే డీఎల్ఎస్ఎస్ ఉంది, వెలుగునీడల్ని నిజంలా లెక్కగట్టే రే ట్రేసింగ్ మెరుగు, వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లతో పొత్తు బాగా కుదురుతుంది. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసుకునేవాళ్లకైతే నేను 3050 వైపే మొగ్గమంటాను. నాకా పని లేదు. రే ట్రేసింగ్ అంటారా, ఈ ధర కార్డుల్లో అది ఆన్ చేసి చూసి మళ్లీ ఆఫ్ చేసే ఆప్షన్ మాత్రమే.

సెకండ్ హ్యాండ్ వాళ్లు బాగా లాగారు. 2022 సెప్టెంబర్ 15న ఇథీరియం అనే క్రిప్టో కరెన్సీ పద్ధతి మారిపోయి, కార్డులతో దాన్ని మైనింగ్ చేయడం, అంటే లెక్కలు చేయించి సంపాదించడం, ఆగిపోయింది. అప్పటినుంచి రోజంతా వేడిలో మగ్గిన కార్డులు మార్కెట్లోకి కుప్పలుగా వచ్చాయి. ఆర్‌ఎక్స్ 580 8జీబీ ఆరేడు వేలకే దొరికేది. మెమరీ బాగానే ఉంది, కానీ అది 2017 నాటి కార్డు, 185 వాట్లు లాగుతుంది. అంటే తక్కువ పనికి ఎక్కువ వేడి. పైగా వారంటీ లేదు. హైదరాబాద్‌లో ఉండేవాడైతే పాడైన కార్డుని మర్నాడే తీసుకెళ్లి షాపు వాడి ముందు పెట్టగలడు. నేను రావులపాలెం బస్సెక్కి ఎవరి దగ్గరికి వెళ్లాలి?

ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ కూడా చవగ్గా కనిపించింది. దాన్ని వద్దనుకోవడానికి కారణం మదర్‌బోర్డు. అది బోర్డుతో నాలుగే లేన్ల (డేటా దారుల) మీద మాట్లాడుతుంది, మెమరీ 4జీబీయే. కార్డు స్లాట్ పీసీఐఈ 4.0 రకమైన బోర్డులో ఎలాగో నెట్టుకొస్తుంది, దాంట్లో సగం వేగమున్న 3.0 బోర్డులో పెడితే మెమరీ నిండిన ప్రతిసారీ గేమ్ తడబడుతుంది. తక్కువ డబ్బుతో చేసేవాళ్లు కొనేది సాధారణంగా పాత బోర్డులే, ఆ కార్డు దెబ్బతినేదీ ఆ బోర్డుల్లోనే. 6600 ఎనిమిది లేన్లది, 3.0 మీద కూడా పెద్దగా నష్టం కనిపించదు.

సంక్రాంతికి మా బావ హైదరాబాద్ నుంచి కారులో వస్తున్నాడు. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో చూసి తెమ్మన్నాను. ఫోన్ చేశాడు.

"ఏరా, ఇక్కడొకడు బిల్లు లేకుండా అయితే ఇంకా తగ్గిస్తానంటున్నాడు. తీసేసుకోనా?"

"వద్దు బావా. బిల్లు కావాలి, బాక్సు మీద సీరియల్ నంబరూ కార్డు మీద నంబరూ ఒకటేనా చూడు."

"అబ్బో, బంగారం కొంటున్నట్టు చెప్తున్నావే."

పక్క షాపులో జీఎస్టీ బిల్లుతో 20,500కి తీసుకున్నాడు. ఈ సరుకు మీద పన్ను 18 శాతం, అది ఎగ్గొట్టి ఇచ్చే తగ్గింపులో వారంటీ కూడా ఎగిరిపోతుంది. కార్డు సంక్రాంతి సామానుతో, పిల్లల బ్యాగుల మధ్య సీటు మీద కూర్చుని వచ్చింది. డిక్కీలో పెట్టొద్దని నేనే చెప్పాను.

ప్రాసెసర్‌కి వచ్చేసరికి మిగిలిన డబ్బే నిర్ణయం చేసింది. రైజెన్ 5 5600 తీసుకోవాలని మనసులో ఉంది. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు, పేరున్న ప్రాసెసర్. దానికి మంచి బీ550 బోర్డు కలిపితే ఇరవై వేలు. బీ450తో సరిపెట్టుకుంటే రెండున్నర వేలు తగ్గుతుంది గానీ బోర్డులోని బయోస్ (బోర్డుని మేల్కొలిపే సాఫ్ట్‌వేర్) కొత్తదో కాదో చూసుకోవాలి, లేకపోతే 5000 సిరీస్ ప్రాసెసర్‌ని గుర్తుపట్టదు. ఆ తలనొప్పి మా ఊళ్లో కూర్చుని తీర్చుకోవడానికి నా దగ్గర ఇంకో ప్రాసెసర్ లేదు. ఇంటెల్ ఐ3 12100ఎఫ్ 8,500, హెచ్610 బోర్డు 6,500, రెండూ కలిపి పదిహేను వేలు. నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు, 4.3 గిగాహెర్ట్జ్ దాకా వెళ్తుంది. హెచ్610 చవక బోర్డే అయినా కార్డు స్లాట్ పీసీఐఈ 4.0. రేపు డబ్బులుంటే అదే బోర్డులో ఐ5 12400ఎఫ్ పెట్టుకోవచ్చు. ఏఎండీ కొత్త ప్రాసెసర్ల ఏఎం5 బోర్డుల వైపు చూడనేలేదు, డీడీఆర్5 ర్యామ్, బోర్డు ధరలు చూసి అక్కడే ఆగిపోయాను.

"కార్డు తర్వాత కొనుక్కోవచ్చు, ముందు 5600జీ తీసుకోండి, గ్రాఫిక్స్ అందులోనే ఉంటుంది" అని ఒకరు సలహా ఇచ్చారు. కార్డు ఎప్పటికీ కొననివాళ్లకి అది మంచి సలహా. కొనేవాళ్లకి కాదు, 5600తో పోలిస్తే దాంట్లో ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగమైన మెమరీ) సగమే, 16 ఎంబీ, పీసీఐఈ కూడా 3.0యే.

ఎఫ్ అక్షరం గురించి ఒక్క మాట. 12100ఎఫ్‌లో సొంత గ్రాఫిక్స్ ఉండదు. బోర్డు వెనక హెచ్‌డీఎంఐ రంధ్రం ఉంటుంది, అందులో కేబుల్ పెడితే స్క్రీన్ నల్లగానే ఉంటుంది. కార్డుకున్న పోర్టులోనే పెట్టాలి. కొత్తగా పీసీ బిగించుకున్నవాళ్లు బోర్డు పోయిందని ఏడ్చేది చాలాసార్లు ఇక్కడే.

రాజమండ్రి షాపులో కాబినెట్ అడిగాను. కౌంటర్లో అబ్బాయి చాలా మర్యాదగా, "ఆయ్, దీంతో 450 వాట్స్ ఎస్‌ఎంపీఎస్ ఫ్రీ అండి, విడిగా కొనక్కర్లేదు" అన్నాడు. తీసి చూపించమన్నాను. చేత్తో పట్టుకుంటే ఖాళీ టిఫిన్ డబ్బాలా తేలిగ్గా ఉంది. పక్కన అంటించిన పట్టీ చదివాను. పైన 450 అని పెద్దక్షరాలు. కింద +12వీ అని ఉన్న గడిలో 16ఏ. ప్రాసెసర్, కార్డు రెండూ ఆ పన్నెండు వోల్టుల లైన్ మీదే బతుకుతాయి. 16ని 12తో గుణిస్తే 192. అంటే నా పనికొచ్చేది 192 వాట్లు. కార్డు ఒక్కటే 132, ప్రాసెసర్ బాగా పరిగెడితే 89. అక్కడికే 221.

"ఇది వద్దండి, కాబినెట్ ఒక్కటే ఇవ్వండి" అంటే ఫోన్లో లెక్క చూపించమన్నాడు. చూపించాను. "అందరూ ఇదే పట్టుకెళ్తారండి" అన్నాడు. అది నిజమే.

నేను తీసుకున్న 550 వాట్ల బ్రాంజ్ రకం 4,200. దాని పట్టీ మీద 12వీ దగ్గర 45ఏ, అంటే 540 వాట్లు. బ్రాంజ్ అంటే 115 వోల్టుల పరీక్షలో సగం లోడు దగ్గర కనీసం 85 శాతం సామర్థ్యం చూపాలి. నాకు దానికంటే ముఖ్యమైనది ఇన్‌పుట్ గడి. కొన్ని మోడళ్ల మీద 200–240 అని ఉంటుంది, కొన్నిటి మీద 100–240 అని. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, ధరలో కూడా పెద్ద తేడా ఉండదు. 190 వోల్టుల సాయంత్రాలున్న ఇంటికి రెండోదే కావాలి. షాపులో ఒక్కో అట్టపెట్టె తిప్పి చదువుతుంటే వెనకాల ఎవరో "ఎక్స్‌పైరీ డేట్ చూస్తున్నాడేమో" అన్నారు.

కాబినెట్‌కి ముందువైపు జాలీ ఉన్నది ఎంచుకున్నాను, 2,800. అద్దం ముందున్నవి అందంగా ఉన్నాయి గానీ గాలి ఎటునుంచి పోతుంది? కోనసీమలో ఏప్రిల్, మే నెలల్లో గదిలో వేడి ఒకెత్తు, ఉక్క ఒకెత్తు. పరీక్షల వీడియోల్లో చూపించే ఉష్ణోగ్రతలన్నీ ఏసీ గదుల్లోవి. ఉప్పుగాలి, చెమ్మ వల్ల పాత పీసీ ర్యామ్ కాంటాక్టులు వానాకాలంలో నల్లబడేవి, పెన్సిల్ రబ్బరుతో రుద్ది పెడితే మళ్లీ పనిచేసేది. ఇలాంటి చోట పీసీని రోజుల తరబడి ఆపి ఉంచడం కంటే రోజూ కాసేపైనా నడపడం మేలు, లోపలి వేడికి చెమ్మ ఆరుతుంది. నేల మీద కాకుండా బల్ల మీద పెట్టాను. చీమలు, బల్లులు, తడిగుడ్డతో నేల తుడవడం, కారణాలకి కొదవలేదు. ఎస్‌ఎంపీఎస్ చిల్లుల్లో బల్లి దూరి మొత్తం పోగొట్టిన కథ మా వైపు ప్రతి కంప్యూటర్ రిపేరు షాపులోనూ వినొచ్చు.

ర్యామ్, ఎస్‌ఎస్‌డీ దగ్గర ఆలోచించిందేమీ లేదు. 8జీబీవి రెండు, డీడీఆర్4 3200, మొత్తం 3,600. ఒకటే 16 పెట్టడం కంటే రెండు ఎనిమిదులు పెడితే డ్యూయల్ ఛానెల్ వస్తుంది, గేముల్లో తేడా తెలుస్తుంది. హెచ్610లో స్లాట్లు రెండే కాబట్టి తర్వాత పెంచాలంటే రెండూ మార్చాలి, సరే అనుకున్నాను. ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ 500జీబీ, 3,000. రెడ్ డెడ్ ఒక్కదానికే 150జీబీ కావాలి, ఫోర్జా 110. విండోస్‌తో కలిపితే 500 ఇరుకే. అందుకే ఆడుతున్న గేములు ఎస్‌ఎస్‌డీలో, ఆడి పక్కన పెట్టినవి పాత హార్డ్ డిస్కులో. మా ఊరి నెట్‌తో 150జీబీ మళ్లీ దించడం కంటే డిస్కు నుంచి కాపీ చేసుకోవడం తేలిక.

అన్నీ కూడితే 57,500. ఎర్తింగ్‌తో కలిపి అరవై లోపు.

బిగించడం గురించి చెప్పడానికి పెద్దగా లేదు. వీడియోలు బోలెడున్నాయి. పండగలయ్యాక ఒక సాయంత్రం బల్ల మీద దుప్పటి పరిచి, బావ టార్చి పట్టుకుంటే నేను బిగించాను. ప్రాసెసర్ లివర్ కిందికి నొక్కేటప్పుడు వచ్చే కిర్రు శబ్దానికి మాత్రం టెన్షన్ పడనివాడు ఉండడు. అది అలాగే వస్తుంది. మొదటిసారి ఆన్ చేసి బయోస్‌లోకి వెళ్తే ర్యామ్ 2666 అని చూపించింది. ర్యామ్‌ని దాని అసలు వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ ఆన్ చేస్తే 3200కి వచ్చింది. ఈ ఒక్క సెట్టింగ్ మార్చకుండా ఏళ్ల తరబడి వాడేవాళ్లు ఉన్నారు. విండోస్ 11 మీద వాలరెంట్‌కి టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా సెట్టింగులు కావాలి, అవీ బయోస్‌లోనే ఆన్ చేసుకున్నాను.

వాలరెంట్ 200 ఫ్రేముల పైనే వస్తుంది. జీటీఏ 5 హాయిగా వంద దాటుతుంది. రెడ్ డెడ్‌లో కొన్ని సెట్టింగులు హైలో, నీళ్లు, నీడలు మీడియంలో పెడితే అరవైకి తగ్గదు. పట్నంలోకి గుర్రం మీద వెళ్తే ప్రాసెసర్ నిండిపోయి ఒక్కోసారి చిన్నగా జర్క్ వస్తుంది, నాలుగు కోర్లకి అది మామూలే. మే నెల మధ్యాహ్నాలు గది 36 డిగ్రీలున్నప్పుడు కార్డు ఫ్యాన్ గోల పెట్టింది. అప్పుడు ఏఎండీ సాఫ్ట్‌వేర్లో రెండు పనులు చేశాను. ఫ్రేములు మానిటర్‌కి సరిపడా వందకి కట్టేశాను. కార్డు వోల్టేజీ కొంచెం కొంచెంగా తగ్గిస్తూ, తగ్గించిన ప్రతిసారీ ఒక గంట ఆడి చూశాను. స్క్రీన్ మీద చెత్త కనిపించగానే ఒక మెట్టు వెనక్కి. వేగం తగ్గలేదు, వేడి, చప్పుడు తగ్గాయి, ఇన్వర్టర్ మీద లోడు కూడా తగ్గింది.

ఐ5 12400ఎఫ్ పెడదామని ఉంది, ర్యామ్ 32కి పెంచుదామనీ ఉంది. 2025 చివర్నుంచి పెరిగిన ర్యామ్ ధరలు చూశాక రెండో కోరిక వాయిదా పడింది. ప్రాసెసర్ సెకండ్ హ్యాండ్‌లో దొరికినా తీసుకుంటాను, కార్డులతో పోలిస్తే ప్రాసెసర్లు పాడవడం అరుదు, పిన్నులుండేది బోర్డు మీద కాబట్టి అవి వంగి ఉంటాయన్న భయం కూడా లేదు. కాకపోతే ముందు ఇన్వర్టర్ బ్యాటరీ మార్చాలి. ఈమధ్య కరెంటు పోతే గంటకే కుయ్‌మంటోంది, బాబాయ్ వచ్చి నీళ్లు పోసి చూసి, ఈ వేసవి దాటదన్నారు.